బోణీకి ముందే వసూళ్లు

బోణీ కాకముందు అప్పు అడగకూడదన్న మర్యాద బెంగళూరు చిక్కపేటలో పాలు పోసేవాడికి తెలుసు, పూలమ్మే ఆమెకు తెలుసు, గణపతి చందా పుస్తకం పట్టుకు తిరిగే కుర్రాళ్లకూ తెలుసు. తెలియనిదల్లా గల్లాపెట్టె పక్కన కంప్యూటర్‌లో, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ కడుపులో మకాం వేసిన యాడ్‌ఆన్లకే. షట్టరు లేచి, అగరొత్తి వెలిగి, మొదటి గిరాకీ చీర చేతబట్టుకుని బిల్లు కోసం నిలబడే వేళకు అవి ఒకదాని వెనక ఒకటి నిద్ర లేస్తాయి. ఒకటి తన లైసెన్సు గడువు చూసుకుంటుంది. ఇంకొకటి తనకు కొత్త వెర్షన్ వచ్చిందేమోనని ఇంటర్నెట్‌లోకి తొంగి చూస్తుంది. బిల్లులు వాట్సాప్‌లో పంపిపెడతానని చేరిన మరొకటి, "మీ ప్లాన్ త్వరలో ముగుస్తోంది, వెంటనే రెన్యూ చేసుకోండి" అని తెర నడిమధ్య బోర్డు పాతుతుంది.

"ఏమయ్యా, బిల్లు ఇంకా రాలేదా?" అంటారు కొట్టు యజమాని శెట్టిగారు.

"టీడీఎల్ లోడవుతోందండీ," అంటాడు గుమస్తా.

ఈ రెండు మాటల నడుమ ఎన్ని బేరాలు పక్క కొట్టుకు నడిచిపోయాయో ఏ లెడ్జర్‌లోనూ ఎక్కదు.

టాలీ బెంగళూరులో పుట్టిన సరుకే. 1986లో శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా ఈ ఊళ్లోనే మొదలుపెట్టారు. అప్పట్లో కంపెనీ పేరు ప్యూట్రానిక్స్. తండ్రి వ్యాపారానికి పనికొచ్చే లెక్కల సాఫ్ట్‌వేర్ బజారులో దొరక్కపోతే కొడుకే కూర్చుని రాశాడు. 2020లో ఆ కొడుక్కు పద్మశ్రీ వచ్చింది. సరళతే తన బలమని కంపెనీ దశాబ్దాలుగా చెప్పుకుంటోంది, అది ఒట్టి గొప్ప కాదు. మౌసు ముట్టకుండా, తెరకేసి చూడకుండా, ఒక చెవిలో ఫోను పెట్టుకుని వౌచర్లు కొట్టుకుపోయే గుమస్తాలు అవెన్యూ రోడ్డు నిండా ఉన్నారు. అనంతపురంలోనూ ఉన్నారు, గుంటూరు మిర్చి యార్డు దగ్గరా ఉన్నారు.

సరళంగా ఉన్న వస్తువును చూస్తే మనవాళ్లకు చెయ్యి ఊరుకోదు. దానికి ఇంకొక్కటి తగిలించాలి. టాలీ అందుకు వీలూ కల్పించింది. టాలీ డెఫినిషన్ లాంగ్వేజ్, అందరూ అనే మాటలో టీడీఎల్. టాలీ సొంత తెరలే ఆ భాషలో రాసినవి కాబట్టి, అది వచ్చినవాడు టాలీలో ఏ తెరనైనా సవరించగలడు. ఉన్న మెనూ పేరుకు ముందు ఒక హాష్ గుర్తు పెడితే చాలు, ఆ మెనూ మీద మీ చెయ్యి పడ్డట్టే. గేట్‌వే ఆఫ్ టాలీలో మీ వరుస ఒకటి ఇరికించుకోవచ్చు. రాసినదాన్ని టీసీపీ ఫైలుగా కట్టి అమ్ముతారు. కొన్నవాడికి లోపల ఏముందో కనపడదు, బిల్లు మాత్రం కనపడుతుంది. టాలీప్రైమ్‌లో ఎఫ్1 నొక్కి యాడ్‌ఆన్ల చోటుకు వెళ్తే, ఈ ఫైళ్లను స్టార్టప్‌లోనే లోడ్ చేయాలా అని ఒక ప్రశ్న ఉంటుంది. పాత ఈఆర్‌పీ 9 రోజుల్లో ఆ సంగతి టాలీ డాట్ ఐఎన్‌ఐ అనే ఫైల్లో ఒక వరుసగా పడి ఉండేది.

ఆ ప్రశ్నకు 'యస్' అన్నది ఎవరు? శెట్టిగారు కాదు. గుమస్తా కూడా కాదు. కస్టమైజేషన్ కుర్రాడు ఎప్పుడో ఎనీడెస్క్‌తో దూరం నుంచే లోపలికి వచ్చి, "రెండు నిమిషాలు మౌసు ముట్టకండి సార్" అని, తానే అడిగించుకుని తానే ఒప్పుకుని వెళ్లిపోయాడు. ఆనాటి ఆ ఒక్క యస్సూ ఆ తర్వాత రోజూ పొద్దున్నే చెల్లుతోంది. చెక్కు మీద ఒకసారి సంతకం పెడితే ఒకసారే డబ్బు పోతుంది. ఇక్కడ ఆ హద్దు కూడా లేదు.

న్యాయం కూడా మాట్లాడుకుందాం. టీడీఎల్ ఫైలును ముందుగా చదవకపోతే మెనూలో దాని వరుస ఎలా కనిపిస్తుంది? కనిపించదు. చదవాల్సిందే. అయితే చదవడం వేరు, పనిలోకి దిగడం వేరు. ఆ భాషలో 'సిస్టమ్ స్టార్ట్' అని ఒక ఘట్టం ఉంది. దానికొక ఫంక్షన్ తగిలిస్తే టాలీ తెరుచుకోగానే అది పరుగు లంకించుకుంటుంది. తగిలించి తీరాలని ఎవరూ శాసించలేదు. బార్‌కోడ్ అచ్చువేసే యాడ్‌ఆన్‌కు, బార్‌కోడ్ కావాలని ఎవరైనా అడిగేదాకా ప్రపంచంతో ఏం పని? ఆ మాట యాడ్‌ఆన్ రాసినవాణ్ని అడిగి చూడండి.

"మాది మూడు సెకన్లే సార్," అంటాడు.

అబద్ధం కాకపోవచ్చు. కొట్లో ఎనిమిది యాడ్‌ఆన్లు ఉన్నాయనుకుందాం. ఎనిమిదిమందీ మూడేసి సెకన్లే అంటారు. ఇరవైనాలుగు అయింది. కరెంటు పోయి వస్తే మళ్లీ ఇరవైనాలుగు. 'మెమరీ యాక్సెస్ వయొలేషన్' అని టాలీ తెల్లమొహం వేసినప్పుడు మూసి తెరిస్తే మళ్లీ ఇరవైనాలుగు. ఎవడి వాటా వాడు చూపించి చేతులు కడుక్కుంటాడు, కూడిక మాత్రం ఏ ఖాతాలోనూ పడదు. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కూడిక గల్లంతు కావడం బెంగళూరు ప్రత్యేకత.

అసలు కారణం సెకన్లలో లేదు. తెరుచుకోగానే పరుగెత్తిన యాడ్‌ఆన్ తన సర్వర్‌కు ఒక కబురు పంపగలదు. ఆ రోజు శెట్టిగారు దాన్ని వేలితో తాకకపోయినా, 'ఇవాళ వాడినవారు' పట్టీలో ఆయన పేరు ఎక్కుతుంది. కోరమంగళలో పెట్టుబడిదారుకు చూపించే గ్రాఫు పైకి లేస్తుంది, చిక్కపేటలో బిల్లు ఆగుతుంది. వాడకుండానే వాడుకరిగా నమోదైన శెట్టిగారి మీద మరో విడత నిధులు వస్తాయి. ఆ నిధులతో ఇంకో యాడ్‌ఆన్ రాస్తారు.

ఇది కిరాణా సాఫ్ట్‌వేర్ జబ్బే అని ఔటర్ రింగ్ రోడ్డు ఇంజనీర్లు ముసిముసిగా నవ్వుకోనక్కర్లేదు. మారతహళ్లి పీజీలో ఇడ్లీ మింగి ఆఫీసుకు చేరిన తెలుగు కుర్రాడు, కోడ్ రాసుకునే ఎక్లిప్స్ ఐకాన్ మీద రెండుసార్లు నొక్కి కాఫీకి వెళ్లిపోయే ఆచారం ఊరికే పుట్టలేదు. గంటన్నర ట్రాఫిక్‌లో నిలబడ్డవాడికి స్ప్లాష్ స్క్రీన్ ముందు నిలబడటం అన్యాయంగా తోచదు, అంతే.

ఎక్లిప్స్ కథ తెలుసుకోదగ్గది. 2001 నవంబరులో ఐబీఎం దాన్ని ఓపెన్ సోర్స్‌గా వదిలింది, 2004లో దానికంటూ ఒక ఫౌండేషన్ ఏర్పడింది. అందులోని జావా పనిముట్ల భాగాన్ని ఏళ్ల తరబడి సాకినవాళ్లలో ఐబీఎం బెంగళూరు ఇంజనీర్లు ఉన్నారు. అంటే ఈ విషయంలో బెంగళూరుకు తెలియనిదేమీ లేదు. ఎక్లిప్స్‌లో నడుమ ఉన్న చిన్న ఇరుసు తప్ప మిగతా అంతా ప్లగిన్లే. ఇన్ని ప్లగిన్లు ఒక్కసారిగా లేస్తే యంత్రం కూలబడుతుందని దాన్ని కట్టినవాళ్లకు మొదటిరోజే తెలుసు. అందుకే ఒక తెలివైన ఏర్పాటు చేశారు. ప్లగిన్ తన పేరు, తన మెనూ వరుస, తన బొమ్మ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో రాసి ఇవ్వాలి. ఎక్లిప్స్ ఆ చీటీ చదివి మెనూ గీస్తుంది. ప్లగిన్ కోడ్ మాత్రం ఆ వరుస మీద ఎవరైనా నొక్కేదాకా పడుకునే ఉంటుంది. దాన్ని కట్టినవాళ్లలో ఒకరైన ఎరిక్ గామా, కెంట్ బెక్‌తో కలిసి 2003లో ఎక్లిప్స్ మీద రాసిన పుస్తకంలో దీన్ని నియమంగానే పెట్టారు. అవసరమైనప్పుడే లోడ్ చెయ్యి అని. అడగందే అమ్మయినా పెట్టదన్న మన సామెత ఇంత చక్కగా ఇంజనీరింగ్‌లోకి దిగిన సందర్భం ఇంకొకటి కనపడదు.

అయితే ఏ ధర్మశాస్త్రంలోనైనా ఆపద్ధర్మం అని ఒక అధ్యాయం ఉంటుంది. ఎక్లిప్స్‌లో దాని పేరు ఎర్లీ స్టార్టప్. నిజంగా ముందే లేవక తప్పని ప్లగిన్ ఉంటే ఈ దారిన రావచ్చని చిన్న సందు వదిలారు. ఆ సందు ఉందని తెలిసిన మరుక్షణం ఊళ్లో ప్లగిన్లన్నీ ఆపదలో పడ్డాయి. స్వాగతం పలికే పేజీకి ఆపద. రోజుకో చిట్కా చెప్పే డబ్బాకు ఆపద. సముద్రాల అవతల ఉన్న సర్వర్‌ను లైసెన్సు అడిగి, జవాబు వచ్చేదాకా తెరను పట్టుకుని వేలాడే ప్లగిన్‌కు అన్నిటికన్నా పెద్ద ఆపద. ఎక్లిప్స్ ప్రిఫరెన్సుల్లో 'స్టార్టప్ అండ్ షట్‌డౌన్' అనే పేజీకి వెళ్తే ఈ ఆపన్నుల జాబితా టిక్కులతో సహా ఉంటుంది. టిక్కు తీసేస్తే మరుసటిసారి లేవరు. ఆ పేజీ తెరిచి చూసిన ఇంజనీరును నేనింకా కలవలేదు. ల్యాప్‌టాప్ చాలడం లేదు, ర్యామ్ పెంచండి అని ఐటీ విభాగానికి టిక్కెట్టు పెట్టినవాళ్లను మాత్రం కావలసినంతమందిని కలిశాను.

గామా 2011లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లారు, అక్కడ ఆయన నడిపించిన వీఎస్ కోడ్ అనే ఎడిటర్ 2015లో బయటికొచ్చింది. ఒకసారి దెబ్బ తిన్నవాళ్ల జాగ్రత్త అందులో కనిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్లను వేరే ప్రాసెస్‌లోకి నెట్టారు, అవి ఎంత తన్నుకున్నా తెర ఆగదు. ఎప్పుడు లేవాలో ప్రతి ఎక్స్‌టెన్షనూ ముందే రాసివ్వాలి. ఫలానా భాష ఫైలు తెరిస్తే లేస్తాను, ఫలానా ఆజ్ఞ ఇస్తే లేస్తాను అని. అక్కడా ఒక నక్షత్రం గుర్తు ఉంది. అది పెడితే ఎప్పుడు తెరిచినా మొదటే లేవొచ్చు. వేరే దారి లేకపోతేనే వాడమని డాక్యుమెంట్లో రాశారు. ఆ నక్షత్రంలో పుట్టిన ఎక్స్‌టెన్షన్లకు కొదవ లేదు. చివరికి 2020లో, "సరే, లేస్తే లేవండి గాని, ముందు మమ్మల్ని తెరుచుకోనివ్వండి" అన్న అర్థంతో మరో ఘట్టం చేర్చారు. ఏ ఎక్స్‌టెన్షన్ లేవడానికి ఎన్ని మిల్లీసెకన్లు తిన్నదో చూపే పట్టిక కూడా ఉంది. పేరు పెట్టి, అంకె పెట్టి చూపిస్తే సిగ్గుపడేవాళ్లు కొంతమందైనా ఉంటారు.

సిగ్గు లేనివాళ్ల కోసం ఔట్‌లుక్ 2013 కాస్త మొరటు మందు వేసింది. వరుసగా ఐదుసార్లు తెరిచినప్పుడు యాడ్‌ఇన్ తీసుకున్న సమయాల్లో మధ్య విలువ ఒక సెకను దాటిందా, దాన్ని తానే ఆపేసి మీకు చెబుతుంది. పోలీసు చలానా లాంటి పని. దానికి యాడ్‌ఇన్ల వాళ్లు కనిపెట్టిన విరుగుడు వేగం పెంచుకోవడం కాదు. 'దీన్ని ఎప్పటికీ ఆపొద్దు' అనే బటన్ ఎక్కడుందో బాణం గుర్తులు వేసి చూపే సహాయ పేజీలు రాశారు. మిల్లీసెకన్లు తగ్గించడానికి ఇంజనీరు కావాలి, సహాయ పేజీకి చౌకలో ఒక ఇంటర్న్ చాలు.

పెద్ద అప్లికేషన్లేమైనా తక్కువ తిన్నాయా? అడోబీ రీడర్‌కు ఒకప్పుడు స్పీడ్ లాంచర్ అని ఒక తోక ఉండేది. పీడీఎఫ్ చటుక్కున తెరుచుకోవాలని, మీరు పీడీఎఫ్ ముట్టినా ముట్టకపోయినా విండోస్ లేవగానే తానూ లేచేది. 2025లో మైక్రోసాఫ్ట్ అదే విద్యను స్టార్టప్ బూస్ట్ అని వర్డ్‌కు నేర్పింది. తన గుమ్మం ముందు దుమ్ము పక్కింటి గుమ్మంలోకి ఊడ్చి, మా ఇల్లు ఎంత శుభ్రమో చూడండి అనడం ఇది. వర్డ్ వేగంగా తెరుచుకుంటుంది, దాని బరువు కంప్యూటర్ మోస్తుంది. నింద కంప్యూటర్ అమ్మిన ఎస్పీ రోడ్డు కుర్రాడి మీద పడుతుంది.

ఇంతవరకూ చెప్పింది సోమరితనం, దురాశ. తెరుచుకోగానే పరుగెత్తే హక్కు దొంగ చేతిలో పడితే ఏమవుతుందో వేరే చెప్పాలి. ఎక్సెల్‌లో ఎక్స్‌ఎల్‌స్టార్ట్ అని ఒక ఫోల్డర్ ఉంది. అందులో ఏ ఫైలు పెడితే అది ఎక్సెల్‌తోపాటు తెరుచుకుంటుంది. 1996లో లారూ అనే వైరస్ అక్కడ పర్సనల్ డాట్ ఎక్స్‌ఎల్‌ఎస్ అనే ఫైల్లో కాపురం పెట్టి, ఆ తర్వాత తెరిచిన ప్రతి లెక్కల పుస్తకానికీ పాకింది. 1999 మార్చిలో మెలిస్సా వర్డ్ ఫైల్లో దాక్కుని వచ్చి, నార్మల్ టెంప్లేట్‌కు అంటుకుని, ఔట్‌లుక్ అడ్రసు పుస్తకంలో ఉన్నవాళ్లకు తనను తానే పంపుకుంది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలను ముందుగానే అడ్డుకోవాలని మైక్రోసాఫ్ట్‌కు 2022లో బుద్ధి పుట్టింది. మొదటి వర్డ్ మాక్రో వైరస్ 1995 నాటిది. ఇంత నిదానంగా తెరుచుకున్న స్టార్టప్ మరొకటి లేదు. ఆటోక్యాడ్ సంగతీ అంతే. డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌లోనే ఫలానా పేరుతో ఒక లిస్ప్ ఫైలు ఉంటే, అడక్కుండా దాన్ని నడిపే అలవాటు దానికి ఉండేది. 2012లో మెడ్రే అనే పురుగు ఆ దారినే వచ్చి పెరూలో ఇంజనీర్ల డ్రాయింగులను వేల సంఖ్యలో చైనా ఈమెయిళ్లకు పంపింది. ఆ తర్వాతనే, 2014 వెర్షన్‌లో, నమ్మిన చోటు నుంచి వచ్చిన కోడే నడపాలన్న కట్టడి వచ్చింది. ఇంటి ప్లాన్ జిప్ ఫైలుగా వాట్సాప్‌లో చేతులు మారే బెంగళూరులో ఆ కట్టడిని ఎంతమంది ఉంచుకున్నారో, ఎంతమంది అడ్డొస్తోందని తీసేశారో వాస్తు పండితుణ్ని అడగాలి.

దొంగే రానక్కర్లేదు, కాపలావాడైనా చాలు. 2024 జూలై 19న మన గడియారంలో ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ తన కాపలా సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. చానల్ ఫైల్ 291. ఒక చోట 21 గడులు ఉంటాయనుకుని చెయ్యి పెట్టారు, ఉన్నవి 20. విండోస్ కూలింది. అప్లికేషన్‌లో ప్లగిన్ అయితే అప్లికేషనే కూలేది. ఇది విండోస్ గుండెలో, యంత్రం లేవగానే అందరికన్నా ముందు లేచే డ్రైవర్. కాపలావాడు ముందే లేవాలన్నది సబబైన వాదనే. కాని అందరికన్నా ముందు లేచినవాడు గుమ్మంలోనే పడిపోతే లోపలికి ఎవరు వెళ్తారు? 78 నిమిషాల్లో తప్పు ఫైలును వెనక్కి తీసుకున్నారు. ఆ సరిదిద్దిన ఫైలు దించుకునేంతసేపు కూడా యంత్రాలు లేచి నిలబడలేకపోయాయి. మైక్రోసాఫ్ట్ లెక్కలో 85 లక్షల యంత్రాలు. బెంగళూరు విమానాశ్రయంలో చెకిన్ చేతిరాతకు దిగింది. శంషాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. తమ క్లౌడ్‌లోని యంత్రాలను 15 సార్ల దాకా రీస్టార్ట్ చేయాల్సి రావచ్చని మైక్రోసాఫ్ట్ సలహా ఇచ్చింది. వీసా అంతటి కోరిక కోరుకోవడానికి చిలుకూరు బాలాజీ 11 ప్రదక్షిణలతో సరిపెట్టుకుంటాడు.

ఇక మన సర్కారు శ్రద్ధ కూడా చెప్పుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి, కంపెనీగా నమోదైన ప్రతి సంస్థా వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ ఉండి తీరాలి. ఏ వౌచర్‌ను ఏ తేదీన ఎలా మార్చారో నమోదు కావాలి, ఆ నమోదును ఎవరూ ఆపే వీలుండకూడదు. చాలా మంచి నియమం. గుమస్తా 450ని 540గా దిద్దితే ఆడిటర్ కంట పడాల్సిందే. ఆ 450 కొట్టడానికి గుమస్తాకు చూపించిన తెరనే మార్చగల కోడ్ ఈ ఉదయం లోపలికి ఎవరెవరు తెచ్చారు, నిన్నటి ఫైలే ఇవాళా వచ్చిందా, దారిలో మారిందా అని అడిగే ఆడిటర్ ఇంకా పుట్టాలి. మనిషి వేలికి చిట్టా ఉంది, టీసీపీ ఫైలుకు లేదు.

అందుకని చిక్కపేట, బళేపేట, అవెన్యూ రోడ్డు వర్తకులకు నాదొక సలహా. ఫిర్యాదులు మానేయండి, బిల్లు వేయండి. టాలీలోనే 'ప్రారంభ స్థలం అద్దె' అని ఒక లెడ్జర్ తెరవండి. తెర ఆగిన సెకనుకు రూపాయి చొప్పున, మీద 18 శాతం జీఎస్టీ, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఏదో ఒకటి మీ సీఏగారు చూసి పెడతారు. నెలాఖరున ఒక్కో యాడ్‌ఆన్ కంపెనీకి ఒక్కో ఇన్వాయిస్ పంపండి. ఉచితం కాబట్టే ఇన్నాళ్లూ మీ ఉదయంలో అంతమంది పడుకున్నారు, అద్దె పడ్డాక ఎవరికి నిజంగా ముందే లేవాల్సిన పని ఉందో వాళ్లే తేల్చుకుంటారు.

చిక్కపేటలో ఒక శెట్టిగారు ఈ సలహా పాటించారని, మొదటి బిల్లు పంపిన పావుగంటకే ఫోను మోగిందని ఊహించుకోండి. అవతల హెల్ప్‌డెస్క్ కుర్రాడి గొంతు ఎంతో వినయంగా ఉంటుంది.

"మీ ఇన్వాయిస్ వచ్చింది సార్. మా సిస్టమ్ తీసుకోవట్లేదు. మీ దగ్గర మా పాత వెర్షన్ ఉంది కదా, అందుకు. కొత్తది లింకు పంపించాను, వేసేసుకోండి. అందులో స్టార్టప్ అని ఒక ప్రశ్న వస్తుంది, యస్ కొట్టండి. తర్వాత టాలీ ఒక్కసారి మూసి తెరిస్తే సరిపోతుంది. స్వల్ప అడ్జస్ట్ మాడి సార్."